మొరటు వెండ్రుక, సున్నితమైన చర్మము

విజయవాడలో ఇంద్రకీలాద్రి దిగువన, కృష్ణ ఒడ్డున, కనకదుర్గమ్మకు తలనీలాలు మ్రొక్కుకొన్నవారు వరుసలు తీరి కూర్చుందురు. క్షురకుడు యాత్రికుని తలపై నీళ్ళు పోసి, కుదుళ్ళు నానువరకు అరచేతితో రుద్ది, నడినెత్తి నుండి కత్తిని క్రిందికి లాగును. కొద్ది నిమిషములలో తల నున్నబడును. యాత్రికుడు స్నానము చేసి, గుండుకు చందనము పూసికొని కొండ యెక్కును. ఆ తలపై తరువాత పొక్కులు లేచినవని చెప్పువారు తక్కువ. అదే మనిషి ఊరికి పోయి మరునాడు గడ్డము గీసికొన్నచో దవడ క్రిందను, మెడమీదను ఎర్రని పొక్కులు లేచి, ముట్టుకొన్న మండుచుండును. అతని చెల్లెలు బీసెంట్ రోడ్డులో కొనితెచ్చిన వెండ్రుకలు తీయు క్రీమును చంకలో పూసికొని, మంట తాళలేక కడిగివేయును. వెండ్రుకలు సగము అట్లే నిలిచియుండును. చర్మము మాత్రము కందిపోవును.

మొరటు వెండ్రుకను తీయుటకు బలమైన సాధనము కావలెను. సున్నితమైన చర్మమునకు మెత్తని సాధనము కావలెను. ఈ రెండును ఒకే శరీరమునందు, ఒకే చోట కూడినప్పుడు వచ్చు చిక్కు ఇది. ఉన్నత పాఠశాలలో చదువు పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు. ఈడు వచ్చుచున్న పిల్లలు దీనిని ఎవరిని అడుగవలెనో తెలియక, అంగడిలో అట్టపెట్టె మీది బొమ్మను చూచి సాధనమును ఎన్నుకొందురు. తోటివారి ఎగతాళికి వెరచి ఒక పూటలో చేసిన పని కొందరి ముఖములపై నెలల తరబడి నల్లని మచ్చలుగా మిగిలిపోవును.

చిక్కుకు మూలము రసాయనములో ఉన్నది. వెండ్రుక కెరటిను అను మాంసకృత్తుతో ఏర్పడినది. గోళ్ళు, గేదె కొమ్ములు, కోడి ఈకలు, గొఱ్ఱె ఉన్ని కూడ ఆ జాతివే. మన చర్మముపై కానవచ్చు మృతకణముల పొర కూడ ముఖ్యముగా కెరటినే. అనగా తీయదలచిన వస్తువును, కాపాడదలచిన వస్తువును ప్రకృతి ఒకే సరుకుతో చేసినది. వానిని వేరుచేయవలెనన్న రెంటి నడుమ ఏదో ఒక భేదమును పట్టుకొనవలెను. కత్తి ఒక భేదమును పట్టుకొనును, క్రీము ఇంకొక భేదమును, మైనము మరియొక దానిని, లేజరు వేరొక దానిని. ఏ పద్ధతి మంచిదని అడుగుటకు ముందు, తన వెండ్రుకకును తన చర్మమునకును నడుమ ఏ భేదము ఎక్కువగా ఉన్నదో చూచుకొనవలెను.

ఇక కొలతలు. పిల్లల చేతులపై ఉండు నూగు 0.03 మిల్లీమీటరు కంటె సన్నము. బాగుగా ముదిరిన గడ్డపు వెండ్రుక సుమారు 0.1 మిల్లీమీటరు లావుండును. ముఖము, చంక వంటి చోట్ల చర్మముపై మృతకణముల పొర మందము 0.01 నుండి 0.02 మిల్లీమీటరు మాత్రమే. వెండ్రుక లావులో ఇది అయిదవ వంతో పదవ వంతో అగును. ఈ పలుచని పొర క్రిందనే సజీవకణములు, వాని దిగువన నరముల కొనలు, రక్తనాళములు ఉన్నవి. సున్నితమైన చర్మమనగా ఈ పొర పలుచబడినదియో, నూనె తగ్గి బీటలు వారినదియో, లేక క్రింది కణములు కొద్ది ఒరపిడికే చెలరేగునదియో యని అర్థము.

నూగు మొరటు వెండ్రుకగా మారుట యౌవనములో సహజము. ఆండ్రోజనులు అను హార్మోనులు రక్తములో హెచ్చగా చంకలలోను, పొత్తికడుపు క్రిందను, మగపిల్లలకు పై పెదవిమీదను రోమకూపములు పెద్దవై, నల్లని లావు వెండ్రుకలను పుట్టించును. గీసినకొలది వెండ్రుక మొరటగునని డెల్టాలో ఇంటింట చెప్పుదురు. దీనిని పరీక్షించినవారు కలరు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున శరీరనిర్మాణ శాస్త్రము బోధించిన మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లో ప్రకటించిన పరిశీలనలో, గీయుట వలన గడ్డపు వెండ్రుకల లావుగాని, పెరుగు వేగముగాని మారలేదని తేలినది. అట్లనిపించుటకు కారణము వరిచేలో కానవచ్చును. వరి ఆకు కొన సన్నగా, మెత్తగా ఉండును. కోత అయిన పిదప అదే దుబ్బు మోడు కాలికి గుచ్చుకొనును. మొక్క లావెక్కలేదు, కొన పోయినది. వెండ్రుక పుట్టుక చర్మము లోపల మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున ఉన్న దుంపలో జరుగును. పైన కత్తి ఏమి చేసినదో ఆ దుంపకు తెలియదు.

కత్తి పట్టుకొను భేదము తేలికైనది: వెండ్రుక నిలిచియుండును, చర్మము పరచుకొనియుండును. చర్మము నిజముగా పలకవలె చదునైనచో ఈ భేదము చాలును. కాని అది మిట్టపల్లములతో, రోమకూపముల అంచులతో కూడినది. కత్తి ఆ మిట్టలను కూడ చెక్కుకొని పోవును. కంటికి కానరాని ఈ గాట్లు ఎంత ముఖ్యమైనవో శస్త్రచికిత్సాలయములు తెలిపినవి. ఆపరేషనుకు ముందు రోగి శరీరమును నున్నగా గీయుట ఒకప్పుడు శుభ్రతకు గుర్తు. ఆ గాట్లలో సూక్ష్మజీవులు చేరి గాయము చీము పట్టుటకు తోడ్పడునని గ్రహించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గట్టి సలహా నిచ్చినది: వెండ్రుకలను తీయకుండ విడువవలెను, తప్పనిసరి అయినచో క్లిప్పరుతో కత్తిరింపవలెను, గీయరాదు.

మొరటు వెండ్రుకతో వచ్చు రెండవ కష్టము దాని వంపు. తలవెండ్రుక నిటారుగా ఉన్నవానికి కూడ గడ్డమునందును, చంకలలోను వంకర వెండ్రుకలు ఉండవచ్చును. అట్టి వెండ్రుకను ఏటవాలుగా కోసినచో దాని కొన సూదివలె మొనదేరును. అది పెరుగుచు వంగి, ప్రక్కనున్న చర్మములో గ్రుచ్చుకొనును. ఒక్కొక్కప్పుడు పైకి రాకుండనే రోమకూపపు గోడను చీల్చుకొని లోపలికి పోవును. శరీరమునకు అది ముల్లు విరిగిన దానితో సమానము. వెంటనే వాపు, ఎరుపు, పొక్కు. మొటిమలని పొరబడి దీనికి మొటిమల మందులు పూయువారు అనేకులు. అద్దము దగ్గరగా పెట్టుకొని చూచిన, పొక్కు నడుమ నల్లని వెండ్రుక చుట్ట కానవచ్చును. రెండు మూడు బ్లేళ్ళను ప్రక్కప్రక్కన అమర్చిన రేజర్లు ఇట్టివారికి మరింత చెరుపు చేయును. మొదటి బ్లేడు వెండ్రుకను పట్టి కొంచెము పైకి లాగును, వెనుకవచ్చునది కోయును. తెగిన మొన వెనుకకు జారి చర్మపు మట్టము కంటె దిగువకు పోవును. ప్రకటనలలో నునుపునకు సాక్ష్యముగా చూపు గుణమే ఇచ్చట రోగమునకు మూలము.

గీయక తప్పనివారు క్షురకుని నుండి నేర్చుకొనవలసినది నానబెట్టుట. వెండ్రుక నీటిని పీల్చి, లావులో నూటికి సుమారు 14 వంతులు ఉబ్బి మెత్తబడును. ఎండు వెండ్రుకను కోయుటకు పట్టు బలము కంటె తడిసిన దానికి చాలా తక్కువ చాలును. రెండు మూడు నిమిషములు గోరువెచ్చని నీటితో తడిపిన పిదపనే సబ్బు పూయవలెను. ఇందులో డెల్టా నీటికి కూడ ప్రమేయము కలదు. ప్రకాశం బ్యారేజి నుండి కాలువలలో పారు నీటిలో సబ్బు నురగ తేలికగా వచ్చును. సముద్రము వైపు పల్లెలలో బోరునీరు ఉప్పదనము, కఠినత్వము కలిగియుండుట తరచు. అందలి కాల్షియము, మెగ్నీషియము సబ్బుతో కలిసి నీటిలో కరుగని తెట్టుగా విరిగిపోవును. నురగ లేనిచో బ్లేడు జారదు, చర్మమును గీకును. అట్టిచోట కాచి చల్లార్చిన నీటినిగాని, పట్టియుంచిన వాననీటినిగాని కొంచెము వాడుకొనుట మేలు. ఒకే బ్లేడు కలిగిన రేజరు, వెండ్రుక వాలిన దిక్కుననే గీయుట, చర్మమును వ్రేళ్ళతో సాగదీయకుండుట, గీసినచోటనే మరల మరల గీయకుండుట, ఈ నాలుగింటిని పాటించినచో మెడమీది పొక్కులు చాలామందికి తగ్గును. గీసిన పిదప రుద్దు పటిక, పైపొర మాంసకృత్తులను ముడుచుకొనునట్లు చేసి చిన్న గాట్ల రక్తమును ఆపును. కాని పొడిచర్మము వారికి అది చురుక్కుమనును. ఒకరి బ్లేడు మరియొకరు వాడరాదనుటకు కారణము వేరు. కంటికి కానరాని రక్తపు మరకతో హెపటైటిస్ బి వంటి వ్యాధులు సంక్రమించును. క్షౌరశాలలో క్రొత్త బ్లేడు వేయుమని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు.

క్రీముల కథ ఇంతకంటె రసవంతమైనది. సుశ్రుతసంహితలో గాయములకు చికిత్స చెప్పుచోట, గాయము చుట్టునున్న రోమములను తొలగించు లేపనమొకటి కలదు. శంఖభస్మము రెండు పాళ్ళు, హరిదళము ఒక పాలు, వానిని పులిసిన ద్రవముతో నూరవలెను. శంఖమును కాల్చిన వచ్చునది సున్నము. హరిదళము ఆర్సెనిక్కు, గంధకముల సమ్మేళనము. రెండును కలిసినప్పుడు గంధకము సున్నముతో చేరి సల్ఫైడుగా మారును, ఆ సల్ఫైడే వెండ్రుకను కరగించును. పాళ్ళు సరిగానే ఉన్నవి, కాని ఆర్సెనిక్కు విషము. ఇంటిలో ఎవరును దీనిని ప్రయత్నింపరాదు.

గ్రామములలో తోళ్ళు పదును చేయువారి లందలలోను పని చేసినది ఈ రసాయనమే. పచ్చితోలును సున్నపు నీటిలో దినముల తరబడి నానబెట్టి, వెండ్రుకలు వదులయిన పిదప గీకివేసి, తంగేడు చెక్క కషాయములో ఊరవేయుదురు. తరువాతి కాలములో సున్నమునకు సోడియం సల్ఫైడును చేర్చగా ఆ పని త్వరితమైనది. వెండ్రుక పోవలెను, తోలు చెడరాదు. తోళ్ళ పరిశ్రమకును, చంకలో క్రీము పూసికొను బాలికకును సమస్య ఒక్కటే. ఈ సమస్యను శాస్త్రముగా అధ్యయనము చేసినవారిలో డెల్టా బిడ్డ ఒకరు. తెనాలి ప్రాంతమందలి యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మ మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగా ఉండిరి. సల్ఫైడు దుర్గంధమును, దాని మురుగును తప్పించుటకు ఎంజైములతో వెండ్రుకలు తీయు మార్గములను ఆ సంస్థ పరిశోధించినది. ఎంజైము వెండ్రుకను కరగింపదు; కుదురును పట్టియుంచు మాంసకృత్తులను సడలించును, వెండ్రుక చెడకుండ ఊడివచ్చును. మనిషికి అదే ఉపాయము ఏల వాడరాదని తెలివైన విద్యార్థి అడుగవచ్చును. చచ్చిన తోలులో సడలినను నష్టము లేని ఆ మాంసకృత్తులే బ్రతికిన చర్మమును ఒకటిగా పట్టియుంచునవి.

నేటి క్రీములలో సల్ఫైడునకు బదులు థయోగ్లైకొలేటు ఉండును. 1934లో అమెరికాలో గొడార్డు, మైకేలిస్ అను శాస్త్రజ్ఞులు ఈ పదార్థము క్షారద్రవములో కెరటినును కరగించునని చూపిరి. కెరటిను గొలుసులను ఒకదానితో ఒకటి కట్టియుంచునవి గంధకపు జంటబంధములు. థయోగ్లైకొలేటు ఆ ముడులను విప్పును. గంధకముతో కూడిన సిస్టీను అను ఎమినో ఆమ్లము చర్మపు కెరటినులో కంటె వెండ్రుక కెరటినులో చాలా హెచ్చు. అందుచే వెండ్రుక ముందు కరగును. క్రీము పట్టుకొను భేదము ఇదే. అయితే ఇది ఉన్నది లేనిది అను భేదము కాదు, హెచ్చుతగ్గుల భేదము మాత్రమే. సన్నని నూగు రెండు మూడు నిమిషములలో తెగిపోవును, అప్పటికి చర్మము చెక్కుచెదరదు. 0.1 మిల్లీమీటరు లావు వెండ్రుక నడిమికి చేరుటకు క్రీము అన్ని వైపుల నుండియు 0.05 మిల్లీమీటరు తినవలెను. ఆలోగా 0.015 మిల్లీమీటరు పొర ఊరకుండునా? పైగా చర్మపు ఉపరితలము కొద్దిగా ఆమ్లగుణము కలది, దాని పి.హెచ్. సుమారు 5. క్రీము పి.హెచ్. సుమారు 12. మొరటు వెండ్రుక కొరకు మరి అయిదు నిమిషములు ఉంచుదమను ఆలోచనయే డెల్టా ఆడపిల్లల చంకలలో మచ్చలుగా మిగులుచున్నది.

తరగతిలో ఉపాధ్యాయుడు దీనిని స్వయముగా చేసి చూపవచ్చును. చేతికి రబ్బరు తొడుగు వేసికొని, ఒక గాజుపలకపై కొంచెము క్రీము పరచి, అందులో కడిగిన తలవెండ్రుకలు, ఉన్ని దారము, నూలు దారము పెట్టవలెను. పది పదునైదు నిమిషముల పిదప గాజుకడ్డీతో లాగి చూచిన వెండ్రుక మెత్తబడి తెగిపోవును, ఉన్ని బలహీనమగును, నూలు చెక్కుచెదరదు. నూలు సెల్యులోజు, అందు గంధకపు ముడులు లేవు. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితమును క్రీముకు తాకించినచో అది నీలమగును. సబ్బు, కెరటిను, క్షారము అను మూడు పాఠములు ఈ ఒక్క పలకపై కలియును.

క్రీమును పూర్తిగా త్రోసివేయవలసిన పనిలేదు. అది తెగగొట్టిన కొన కత్తి కోసిన కొనవలె మొనదేరియుండదు, కావున లోపలికి గ్రుచ్చుకొనుట తక్కువ. కొందరి చర్మము దానిని చక్కగా సహించును. సహించునో లేదో తెలిసికొనుటకు పూయదలచిన చోటనే రూపాయి బిళ్ళంత మేర పూసి, పెట్టెపై వ్రాసిన కాలమునకు కడిగివేసి, ఒక దినము ఆగి చూడవలెను. చెమటకాయలు పేలిన మే నెలలోను, గీసిన మరునాడును, వేడినీళ్ళ స్నానము చేసిన వెంటనేను దానిని పూయరాదు. వ్రాసిన కాలములో వెండ్రుక పోనిచో ఆ క్రీము ఆ వెండ్రుకకు తగినది కాదు, కాలము పెంచరాదు.

పసుపు మాట చెప్పక తప్పదు. ఏటి కావలి దుగ్గిరాల పసుపు విపణికి పేరుపడిన ఊరు. డెల్టాలో పసుపు రాయని పెండ్లికూతురు లేదు. సున్నిపిండితో నలుగు పెట్టినచో పసిపిల్లల ఒంటిమీది నూగు రాలునని అందరి నమ్మకము. పుట్టిన బిడ్డల నూగు కొన్ని వారములలో తనంత తానే రాలిపోవును. నలుగుపిండికి వచ్చిన కీర్తిలో పెద్దపాలు దానిదే. ముదిరిన వెండ్రుకను పసుపు ఊడబెరుకలేదు. గట్టిగా రుద్దిన ఒరపిడికి సన్ననివి కొన్ని తెగవచ్చును, దానితోపాటు పైపొర కూడ లేచిపోవును. మెత్తగా రుద్దిన నలుగు మురికిని తీయును, అంతవరకు మంచిదే.

మైనము, పంచదార పాకము, దారము, పట్టకారు, ఇవన్నియు పట్టుకొను భేదము వెండ్రుక కుదురు బిగువునకును చర్మపు బిగువునకును గలది. నూగు సులువుగా ఊడును. మొరటు వెండ్రుక కుదురు లోతైనది. లాగినప్పుడు చర్మము కూడ లేచును, రోమకూపమునుండి రక్తపు చుక్క కానవచ్చును. సగములో విరిగినచో మొన చర్మము లోపలనే మిగిలి, పొక్కునకు దారితీయును. సున్నితమైన చర్మము కలవారు మొరటు వెండ్రుక గల చోట దీనిని చివరి వరుసలో పెట్టుకొనుట యుక్తము. మొటిమలకు రెటినాయిడు మందులు పూయువారును, అయిసోట్రెటినాయిను మ్రింగువారును మైనము జోలికి పోనేరాదు. ఆ మందులు పైపొరను బలహీనపరచును, మైనముతోపాటు చర్మము ఊడివచ్చును. మధుమేహము కలవారు వైద్యుని అడుగకుండ చేయరాదు.

వెండ్రుకను శాశ్వతముగా పోగొట్టవలెనను కోరిక పూర్వము కొన్ని ఘోరములకు దారి తీసినది. ఎక్సు కిరణములు కనుగొన్న మరుసటి సంవత్సరమే, 1896లో, వియన్నాలో లియోపోల్డ్ ఫ్రాయిండ్ వానితో ఒక బాలిక వీపుమీది రోమములను రాల్చెను. ఇరువదవ శతాబ్ది మొదటి దశాబ్దములలో అమెరికా అలంకారశాలలు ఆ కిరణములను స్త్రీల ముఖములపై ప్రయోగించినవి. ఏండ్లు గడచిన పిదప వారిలో పలువురికి పుండ్లు, కాన్సరు వచ్చినవి. 1930 ప్రాంతమున థాలియము కలిసిన క్రీమును పూసికొని పక్షవాతము పాలైనవారును అక్కడ కలరు. వెండ్రుక కుదురును చంపునది చుట్టుప్రక్కలనున్న వానిని విడిచిపెట్టునా యని అడుగకుండుటయే ఆ కథలన్నింటి లోపము.

ఆ ప్రశ్నకు మొదటి మంచి సమాధానము విద్యుత్తుతో వచ్చినది. 1875లో సెయింట్ లూయిస్ కంటివైద్యుడు చార్లెస్ మిషెల్, లోపలికి తిరిగి కంటిని గీరు రెప్పవెండ్రుకల కుదుళ్ళను సన్నని సూదితో, విద్యుత్ప్రవాహముతో నాశనము చేసెను. ఒక్కొక్క రోమకూపములో సూది దింపవలెను, కావున అది చాలా నిదానపు పని. లేజరు సంగతి వేరు. ఆండర్సన్, పారిష్ అను వైద్యులు 1983లో దీని సిద్ధాంతమును తెలిపిరి. 1996 నాటికి అది వెండ్రుకలపై ప్రయోగింపబడినది. లేజరు పట్టుకొను భేదము రంగు. వెండ్రుకలోని మెలనిను కాంతిని పీల్చి వేడెక్కి కుదురును కాల్చును. మొరటు నల్లని వెండ్రుకకు ఇచ్చట మొదటిసారిగా మేలు చేకూరినది: ఎంత లావో, ఎంత నలుపో అంత బాగుగా వేడెక్కును. కాని మన చర్మములో కూడ మెలనిను ఉన్నది. ఎండలో పొలము పనిచేయువారి చర్మములో మరింత ఉన్నది. అందుచే మన వంటి చాయగల చర్మమునకు 1064 నానోమీటర్ల ఎన్.డి.యాగ్ లేజరు తగినదని వైద్యులు చెప్పుదురు. ఆ కాంతిని మెలనిను తక్కువగా పీల్చును, కాంతి లోతునకు పోవును. పైచర్మమును చల్లబరచుచు ప్రయోగింతురు. ఇంటిలో వాడుకొనుటకు అమ్ము దీపపు పరికరముల పెట్టెలపై చర్మపు రంగుల పట్టిక అచ్చువేయుట ఇందుకే; తన చాయ ఆ పట్టికకు వెలుపల ఉన్నచో కొనరాదు. వెండ్రుకలు అన్నియు ఒకేసారి పెరుగుదశలో ఉండవు, కావున లేజరును వారముల ఎడముతో పలుమార్లు చేయవలెను. అప్పటికిని వెండ్రుకలు బాగుగా తగ్గునే గాని, ఒక్కటియు మొలవదని మాట ఇచ్చువానిని నమ్మరాదు.

ఆడపిల్లలకు గడ్డముమీద, రొమ్ము నడుమ, నాభి క్రింద మొరటు వెండ్రుకలు ఎక్కువగా పుట్టి, నెలసరి క్రమము తప్పినచో అది క్రీములతో తీరు సమస్య కాదు. అండాశయములలో నీటితిత్తులు కానవచ్చు పి.సి.ఓ.ఎస్. వంటి హార్మోను వ్యాధులు దీనికి ముఖ్యకారణములు, వైద్యము కలదు. మరియొక కారణము అంగడిలోనే ఉన్నది. తెల్లబడుటకని, తామరకని డాక్టరు చీటి లేకుండ కొని పూసికొను కొన్ని ట్యూబులలో స్టెరాయిడు మందులుండును. నెలల తరబడి ముఖమునకు రాచినచో అవి చర్మమును పలుచన చేయును, మంటను తెచ్చును, ముఖముపై వెండ్రుకలను పెంచును. మొరటు వెండ్రుకయు సున్నితమైన చర్మమును ఆ యొక్క ట్యూబు నుండియే వచ్చినవని తెలియక, ఇంకొక క్రీమును కొనుటకు పరుగెత్తు పిల్లలు ఉన్నారు. ట్యూబును ఒక్కసారిగా మానినను ముఖము మండిపోవును, కావున చర్మవైద్యుని చూచియే మానవలెను.

ఇన్ని భేదములను తూచి చూచినపుడు, మొరటు వెండ్రుకయు సున్నితమైన చర్మమును గలవారికి చవకైన దానిలో మేలైనది ట్రిమ్మరు. అది చర్మపు మట్టమునకు దిగదు. అర మిల్లీమీటరో మిల్లీమీటరో పైన వెండ్రుకను కత్తిరించి విడుచును. కొన పొడవుగా మిగులుటచే లోపలికి గ్రుచ్చుకొనదు, మృతకణముల పొరను తాకదు. నునుపు రాదు, నిజమే. నునుపే కావలెనన్నచో పెండ్లికో, పరీక్షకో ముందు ఒక్కసారి ఒంటి బ్లేడుతో గీసికొని, తక్కిన దినములలో ట్రిమ్మరు వాడుకొనవచ్చును. శక్తి కలవారు లేజరును ఆలోచింపవచ్చును. ఏమియు తీయకుండుట కూడ ఒక పద్ధతియే. చంకలో వెండ్రుక ఉన్నంత మాత్రమున రోగమేమియు రాదు, చెమట వాసన సూక్ష్మజీవుల పని, దానికి సబ్బు, నీళ్ళు చాలును.

అప్పటికే మెడ నిండ పొక్కులు లేచియున్న బాలుని సంగతి వేరు. స్ట్రాస్, క్లిగ్మన్ అను చర్మవైద్యులు 1956లో ఈ వ్యాధిని వివరించినప్పుడు గమనించిన విషయము: గీయుట మానిన, లోపలికి గ్రుచ్చుకొన్న వెండ్రుక పెరుగుచు, సుమారు ఒక సెంటీమీటరు పొడవైనపుడు తన వంపు బలముతో తానే స్ప్రింగువలె బయటకు వచ్చివేయును. దినమునకు మిల్లీమీటరులో మూడవవంతు పెరుగు గడ్డమునకు ఇది నాలుగయిదు వారముల పని. హాస్టలులోను, పాఠశాలలోను ప్రతి సోమవారము గడ్డము గీసికొని రావలెనను నియమము ఉన్నచో, ఇట్టి బాలునికి నెలదినములు మినహాయింపు ఇచ్చుటకు ప్రధానోపాధ్యాయుడు సంకోచింపనక్కరలేదు. డెల్టాలో దీనికి తెలియకుండనే జరుగు పరీక్ష ఒకటి కలదు. కార్తికములో అయ్యప్ప మాల వేసికొన్న యువకులు 41 దినములు కత్తిని తాకరు. మెడమీది పొక్కులు దీక్ష ముగియునప్పటికి అణగిపోయెనని కొందరు చెప్పుకొందురు. అయితే మాల తీసిన నాడే పెరిగిన గడ్డమును మూడు బ్లేళ్ళ రేజరుతో ఎదురు గీసికొన్నచో, మూడవ నాటికి అవే పొక్కులు అక్కడనే లేచును. ఆ నాడు ముందుగా కత్తెరతో, పిదప ట్రిమ్మరుతో తగ్గించి, బ్లేడు అక్కర యుండునో లేదో అప్పుడు అద్దములో చూచుకొనవలెను.